పక్కవాళ్ళ ప్రార్థన అంశం

ఆక్లాండ్ దగ్గర మా హామిల్టన్‌లో శనివారం ప్రార్థన కూడికకి ఒక పద్ధతి ఉంది. ఎవరి అంశం వాళ్ళు చెప్పుకుంటారు గానీ ఎవరి కోసం వాళ్ళు ప్రార్థన చేసుకోరు. కార్పెట్ మీద దుప్పట్లు పరుచుకుని గుండ్రంగా కూర్చుంటాం. కుడిపక్కన ఎవరుంటే వాళ్ళ కోసం మనం ప్రార్థించాలి. ఎవరికి వాళ్ళని వదిలేస్తే తమ వీసా, తమ ఇల్లు, తమ పిల్లల చదువులు అంటూ సాగదీసేవాళ్ళు, ఈలోగా వండినవన్నీ చల్లారిపోయేవి. ఆ బాధ పడలేక పెద్దవాళ్ళు ఈ ఏర్పాటు చేశారు. పక్కవాళ్ళ కష్టాలు చెప్పేటప్పుడు ఎవరైనా క్లుప్తంగానే చెప్తారు.

నేను ఆసుపత్రిలో నర్సుని. ఈ చలికాలం నా ఓపిక అడుగంటిపోయింది. ఎలక్షన్ల ఏడాది కదా, ఎక్కడ చూసినా టాక్స్ గోలే. పెద్ద జీతాలవాళ్ళకీ అద్దె ఇళ్ళున్నవాళ్ళకీ ఇచ్చిన తగ్గింపులు ఉంచాలా, తీసెయ్యాలా అని. కార్లో రేడియో పెడితే అదే, వార్డు టీ రూములో టీవీ పెట్టినా అదే. ఒకాయన తగ్గిస్తేనే దేశం బాగుపడుతుందంటాడు. ఆయన మాట పూర్తవకుండానే ఒకావిడ, తగ్గించబట్టే ఆసుపత్రులు ఇలా తగలడ్డాయంటుంది. మొదట్లో చెవి ఒగ్గి వినేదాన్ని. తర్వాత్తర్వాత సౌండ్ తగ్గించి నా చపాతీ నేను తినడం నేర్చుకున్నాను.

ఎవరిది ఒప్పో తేల్చేటంత చదువు నాకు లేదు. నాకు తెలిసిందల్లా మా వార్డులో ఎవరైనా మానేస్తే ఆ చోట్లోకి ఇంకెవరూ రావడం లేదని. అడిగితే ఆ పోస్టు భర్తీ 'హోల్డ్‌లో ఉంది' అంటారు. పొద్దున్నే పొగమంచులో కారు పెట్టి లోపలికి వెళ్తే మళ్ళీ బయటపడేసరికి చీకటి పడుతోంది. మధ్యలో మంచినీళ్ళు తాగానో లేదో కూడా గుర్తుండదు.

మా కూడికకి ఒక అమ్మాయి వచ్చేది. గుంటూరు వైపు పిల్ల. ఇక్కడికి చదువుకోడానికి వచ్చి, నర్సింగ్ పూర్తిచేసి, రిజిస్ట్రేషన్ కూడా తెచ్చుకుంది. ట్రైనింగ్‌లో కొన్నాళ్ళు మా వార్డులోనే చేసింది. ముసలివాళ్ళని మంచం మీద తిప్పేటప్పుడు ముందు తన చేతులు రుద్దుకుని వెచ్చచేసుకునేది. మా ఛార్జ్ నర్సు 'ఈ పిల్లని వదులుకోవద్దు' అని నాతో ఎన్నిసార్లు అందో. వదులుకోకుండా ఉండాలంటే ఉద్యోగం ఇవ్వాలి, ఉద్యోగమేమో హోల్డ్‌లో ఉంది. ఆ పిల్ల ముసలివాళ్ళుండే ఒక రెస్ట్ హోమ్‌లో కేర్‌గివర్‌గా, వాళ్ళు పిలిచినప్పుడల్లా వెళ్ళి పనిచేస్తూ, వీసా గడువు దగ్గరపడుతుంటే ప్రతి శనివారం అదే అంశం చెప్పేది. నేను ప్రతి శనివారం దాని ఎడమపక్కన కూర్చుని అదే ప్రార్థన చేసేదాన్ని. నా స్వార్థం కూడా ఉంది అందులో. అది మా వార్డుకి వస్తే నాకు చెయ్యి సాయం.

ఆ అమ్మాయి ఉండేది అంకుల్ గారి ఇంట్లో ఒక గదిలో. కూడిక జరిగేది కూడా ఆ ఇంట్లోనే. అంకుల్ మా అందరికంటే ముందు వచ్చినాయన. పగలు పాల ఫ్యాక్టరీలో చేసి, సాయంత్రాలు టాక్సీ నడిపి, ఒక ఇల్లు, దాని తర్వాత ఇంకోటి, అలా కొని అద్దెలకిచ్చారు. నేను ఈ దేశంలో దిగిన రోజు ఎయిర్‌పోర్టుకి వచ్చింది ఆయనే. మా ఇంట్లో మొదటి రైస్ కుక్కర్ ఆయనిచ్చిందే. అలాంటి మనిషి మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో చెప్పలేను, అయినా ఈ చలికాలమంతా నాకు ఆయన మీద కోపంగానే ఉంది. ఎందుకంటే ఆయన ప్రతి శనివారం చెప్పే అంశం టాక్స్ తగ్గింపు తీసెయ్యకూడదని.

ఒకసారి అన్నాల దగ్గర ఉండబట్టలేక అడిగేశాను.

"అంకుల్, ఆ టాక్స్ డబ్బు గవర్నమెంటుకి రాకపోబట్టే కదా మా వార్డులో మనుషుల్ని తీసుకోవట్లేదు?"

ఆయనకి కోపం రాలేదు. నా కంచంలో ఇంకో చికెన్ ముక్క వేశారు.

"నువ్వు చిన్నపిల్లవమ్మా. గవర్నమెంటు చేతిలో పెడితే నీ వార్డుకే వస్తదని ఎవరు చెప్పారు? మధ్యలో ఎవరెవరు మింగుతారో! అదే నా చేతిలో ఉంటే నలుగురికి పెడతాను. పెట్టట్లేదా, చెప్పు?"

పెడుతున్నారు. ఆ ముక్క నా కంచంలోనే ఉంది. తిని చెయ్యి కడుక్కున్నాను.

ఆ శనివారం కూడా ఎప్పటిలాగే కూర్చున్నాం. నా కుడిపక్కన ఆ అమ్మాయి, దాని కుడిపక్కన అంకుల్, ఆయన పక్కన ఆంటీ. అంశాలు చెప్పారు. ఆంటీ మోకాలి ఆపరేషన్‌కి ఆసుపత్రి నుంచి ఇంకా పిలుపు రాలేదంది. అంకుల్ టాక్స్ సంగతి చెప్పారు. ఆలుమగల ఆ రెండు అంశాలూ పక్కపక్కనే కూర్చుని ఒకదాన్నొకటి చూసుకోవడం లేదని నాకు నవ్వొచ్చింది, నీరసం కూడా వచ్చింది. అమ్మాయి మాత్రం, "నాది మీకు తెలిసిందే" అని ఊరుకుంది.

అంకుల్ పెద్దవారు కాబట్టి మొదట ఆయనే ఆంటీ మోకాలి కోసం ప్రార్థన చేశారు. తర్వాత అమ్మాయి వంతు, ఆ తర్వాత నాది. అమ్మాయి మొదలుపెట్టింది.

"ప్రేమగల తండ్రీ, నీకు స్తోత్రం. అంకుల్ గారి అంశాన్ని నీ పాదాల దగ్గర పెడుతున్నాను. ఆయన కష్టపడి సంపాదించుకున్న ఇళ్ళని కాపాడు తండ్రీ. ఆయన అడిగిన టాక్స్ విషయంలో నీ చిత్తం జరిగించు. వచ్చే నెల నేను బ్రిస్బేన్ వెళ్ళిపోయాక ఆ గది ఖాళీగా పడుండకుండా ఒక మంచి మనిషిని పంపించు తండ్రీ. కన్నబిడ్డలాగా నన్ను చూసుకున్నారు..."

అలవాటుకొద్దీ 'స్తోత్రం, స్తోత్రం' అంటున్న ఆంటీ టక్కున ఆగిపోయింది. నేను కళ్ళు తెరిచాను. అమ్మాయి కళ్ళు గట్టిగా మూసుకునే ఉంది. నాకప్పుడర్థమైంది. మామూలుగా చెప్తే అందరూ మీదపడి ఎందుకు, ఎప్పుడు, కొన్నాళ్ళు ఆగకూడదా అంటారు. ప్రార్థనలో ఉన్న మనిషిని ఎవరూ ఆపరు. చివరికి ఆమెన్ అనడం తప్ప మేము చెయ్యగలిగింది లేదు. అందరం ఆమెన్ అన్నాం.

నా వంతు వచ్చింది. నోటిదాకా తెచ్చి పెట్టుకున్న మాటలు, మా వార్డు, ఆ ఉద్యోగం, అన్నీ పనికిరాకుండా పోయాయి. అందరూ తలలు వంచుకుని నా కోసం ఆగారు. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"తండ్రీ, ఈ పిల్ల వెళ్ళేచోట మనుషులు సరిపడా ఉండేటట్టు చూడు. టైముకి అన్నం తిననియ్యి. దాని నడుం విరగనియ్యకు" అన్నాను.

భోజనాల దగ్గర అంకుల్ కంచం ముట్టలేదు.

"రెంట్ ఎక్కువైందా అమ్మా? ఒక్క మాటంటే తగ్గించేవాణ్ణి గదా. అసలు ఇవ్వకపోయినా నిన్ను అడుగుతానా?"

"అయ్యో, రెంట్ సంగతి కాదంకుల్. నేను నర్సుగా చెయ్యాలనే కదా ఇంత చదివింది. ఇక్కడ ఖాళీల్లేవంటున్నారు. అక్కడ ఆసుపత్రివాళ్ళే స్పాన్సర్ చేస్తామన్నారు. ఇంక ఆగితే వీసా అయిపోద్ది."

ఆయన నా వైపు తిరిగారు. "ఎవరితో మాట్లాడాలో చెప్పమ్మా, నేను మాట్లాడతాను. ఈ పిల్లకి ఒక ఉద్యోగం ఇప్పించలేమా?"

నిజంగానే అడిగారు. పొద్దున్నే కారేసుకుని ఎవరింటికైనా వెళ్ళి చేతులు పట్టుకుని బతిమాలేటట్టున్నారు. ఆయన గది ఇవ్వగలరు, రైస్ కుక్కర్ ఇవ్వగలరు, అర్ధరూపాయి తీసుకోకుండా ఏడాదైనా అన్నం పెట్టగలరు. వార్డులో ఒక ఉద్యోగం ఇవ్వడం మాత్రం ఆయన ఒక్కరి వల్ల అయ్యేది కాదు. టాక్స్ గురించి నెలల తరబడి నేను దాచుకున్న జవాబు చెప్పడానికి అంతకంటే మంచి అదను దొరకదు. కానీ ఆ మొహం చూసి, కంచం ఆయన ముందుకి జరిపాను.

"తినండంకుల్, చల్లారిపోతోంది" అన్నాను.

అమ్మాయి వెళ్ళిపోయింది. ఆక్లాండ్ ఎయిర్‌పోర్టుకి అంకులే దిగబెట్టి వచ్చారు. ఆ తర్వాతి శనివారం మేమంతా కొంచెం కొంచెం జరిగి కూర్చున్నాం. చూస్తే నా కుడిపక్కన ఇప్పుడు అంకుల్.

"ఆ గదికి ఎవరెవరో ఫోన్లు చేస్తున్నారు గానీ నేనే ఇంకా ఇవ్వలేదమ్మా" అన్నారు. "ఆ పిల్లకి ఇక్కడే ఉద్యోగం దొరికి తిరిగి రావాలని ప్రార్థన చెయ్యి."

"మరి టాక్స్ సంగతో అంకుల్?"

"అదీ చెయ్యమ్మా. రెండూ అడుగు. దేవుడి దగ్గర ఏం తక్కువ?"

నేను కళ్ళు మూసుకున్నాను. ఆ రెండూ ఒకే నోటితో ఎట్లా అడగాలో తెలియలేదు. ముందు ఏది మొదలుపెట్టాలో తేలక అలాగే ఉండిపోయాను. అవతలి గదిలో పిల్లల ఐప్యాడ్ చప్పుడు మాత్రం వినపడుతోంది.

అంకుల్ అవతలి నుంచి ఆంటీ వంగి నా మోకాలి మీద మెల్లగా తట్టింది.

"నిద్రపోయావా తల్లీ? ఇవాళ కూడా డబల్ షిఫ్టేనా?"

"అవునాంటీ" అన్నాను.