పక్క సీట్లో బ్రేకమ్మ

ఆమె కూర్చునేది ఎప్పుడూ పక్క సీట్లోనే. ఆ సీటు ముందు, కాళ్ళ దగ్గర, ఇంకో బ్రేకు ఉంటుంది. మామూలు బండికీ డ్రైవింగ్ స్కూలు బండికీ అదే తేడా. నేర్చుకునేవాళ్ళు కంగారు పడితే ఆమె కాలు దాన్ని తొక్కుతుంది. బండి ఆగుతుంది. అందుకని వీధిలో వాళ్ళు ఆమెకు బ్రేకమ్మ అని పేరు పెట్టారు. వెక్కిరింపుగానే పెట్టారు. పోను పోను వెక్కిరింపు అరిగిపోయింది, పేరు మిగిలింది.

స్కూలంటే ఒక గది. గాజు తలుపు, ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు రోడ్డు గుర్తుల పటం, ఎటు తిప్పినా ఒకవైపే తిరిగే టేబుల్ ఫ్యాను. ఆమె మొదట అక్కడ ఫోన్లు ఎత్తడానికి చేరింది. బండి నేర్పేవాడు వేరే ఉండేవాడు. ఆయన అరుపులకు ఆడవాళ్ళు మర్నాటినుంచే రావడం మానేసేవారు. కాలు నొప్పి అనో, ఇంటికి చుట్టాలొచ్చారనో వాళ్ళు చెప్పే సాకులన్నీ ఫోన్లో ఆమే వినేది. విని విని ఒకరోజు యజమాని దగ్గరికి వెళ్ళింది.

"సార్, బండి నేను నేర్పుతాను. ఫోన్లు ఆయన్ని ఎత్తమనండి."

యజమాని నవ్వాడు. నవ్వు ఆగాక ఆలోచించాడు.

ఆ గదిలోకి వచ్చేవాళ్ళెవరూ బండి నేర్చుకోవాలని అనరు. లైసెన్సు కావాలంటారు. బ్రేకమ్మ వాళ్ళను కూర్చోబెట్టి మొదట ఒకటే అడిగేది. "లైసెన్సంటే ఏంటండీ?"

కార్డు అనేవారు. పోలీసు ఆపితే చూపించేది అనేవారు. "మా ఆయన నోరు మూయించేది" అని ఒకావిడ అంది. బ్రేకమ్మ ఆవిడతో కలిసి చాలాసేపు నవ్వింది. తర్వాత అందరికీ చెప్పేదే ఆవిడకూ చెప్పింది.

"అది మీకిచ్చేది కాదండీ. రోడ్డు దాటేవాళ్ళకిచ్చే మాట. ఈ మనిషి వస్తోంది, మీరేం భయపడక్కర్లేదు అని. ఎవరి గురించి ఆ మాట ఇచ్చారో తెలియాలి కదా, అందుకని మీ ఫోటో వేస్తారు."

ఇంట్లో లైసెన్సు అనే మాటకు ఇంకో వాడకం ఉండేది. బ్రేకమ్మ ఏదైనా కాదంటే అత్తగారు పొయ్యి వైపు తిరిగి, "ఈ ఇంట్లో నోరెత్తడానికి కూడా లైసెన్సు కావాలి కాబోలు" అనేది. కార్ల సీటు కవర్లు కుట్టే భర్త తల ఎత్తకుండా జవాబిచ్చేవాడు. "నాకే ఇంకా రాలేదమ్మా. పెళ్ళైన కొత్తలో అర్జీ పెట్టుకున్నాను."

పరీక్షకు పంపడంలో ఆమెకో పద్ధతి ఉంది. బజారు, వంతెన, ఆస్పత్రి మలుపు, ఈ దారంతా తన కాలు బ్రేకు మీద పడకుండా తిరిగి రావాలి. ఒక్కసారి వస్తే చాలదు, అది అలవాటు కావాలి. స్కూలు బండి పాతది. పక్క బ్రేకు తొక్కితే కిర్రుమని అరిచేది. అది వినగానే నేర్చుకునేవాళ్ళ ముఖం వాడిపోయేది.

"తొక్కారా మేడమ్?"

"నేను చెప్పాలా? అది చెప్పిందిగా."

అందరూ నెలలోపు పంపేస్తుంటే ఈమె నానబెడుతోందని కొందరు వేరే స్కూళ్ళకు పోయారు. ఆమె ఆపలేదు. మిగిలినవాళ్ళ పిల్లలు పెద్దవాళ్ళై మళ్ళీ ఆమె దగ్గరికే వచ్చారు.

అలాంటి మనిషి దగ్గర ఆడపడుచు బండి నేర్చుకోవడానికి చేరింది. భర్తకు ఒక్కగానొక్క చెల్లెలు. ఇంట్లో అందరికీ చిన్నది. బట్టల దుకాణంలో రోజంతా నిలబడి, గిరాకీలు విప్పి పారేసిన బట్టలు మడత పెట్టేది. పసిపిల్లలను తీసుకెళ్ళే వ్యానుకు ఆడమనిషి కావాలని ఒక బడి వాళ్ళు అన్నారు. బడి తెరిచేలోగా లైసెన్సు తెచ్చుకుంటే ఉద్యోగం ఆమెదే. చిన్నది ఆ మాట విని ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చింది.

స్టీరింగు మీద చేతులు చక్కగా తిరిగాయి. గేర్లు నలగకుండా మారాయి. కిర్రు ఒక్కసారైనా వినపడలేదు. బ్రేకమ్మకు గర్వం ఆగలేదు.

"మీ చెల్లెలు కడుపులోంచే డ్రైవరుగా పుట్టింది" అని భర్తతో అంది.

"మరి నన్నెందుకు దర్జీగా కన్నట్టు?"

"మీరు ముందు పుట్టారు. అత్తయ్య అప్పటికింకా నేర్చుకుంటున్నారు."

అత్తగారు కూడా నవ్వింది.

పరీక్ష దగ్గర పడింది. కూతురు నడిపే బండి ఎక్కాలని అత్తగారికి మనసైంది. "నా పిల్ల పక్కన నేను కూర్చుంటాను, నువ్వు వెనక్కి పో" అంది. బ్రేకమ్మ వెనక సీట్లో కూర్చుంది. కలప డిపో దాటాక ముందు ఒక లారీ ఆగి ఉంది. చిన్నది దాన్ని చూసింది. చూస్తూనే ఉంది. బండి తగ్గలేదు. ఆఖరి నిమిషంలో పక్కకు తిప్పింది. చక్రం ఫుట్‌పాత్ ఎక్కి, దుకాణం ముందు పేర్చిన ఖాళీ నీళ్ళ క్యాన్లను గుద్ది ఆగింది. క్యాన్లు దొర్లుకుంటూ వీధిలోకి పోయాయి. ఎవరికీ ఏమీ కాలేదు. అత్తగారు చేతిసంచి గట్టిగా వాటేసుకుని అలాగే కూర్చుంది.

"బ్రేకు పడలేదు వదినా" అంది చిన్నది. "రోజూ ఈపాటికి తగ్గిపోయేది. ఇవాళ తగ్గలేదు."

బండిని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన కింద దూరి చూశాడు, సందు చివరిదాకా నడిపి వచ్చాడు.

"బ్రేకులు నిక్షేపంగా ఉన్నాయమ్మాయ్" అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "అన్నట్టు, నీ వైపు పెడలు అరుస్తోందని పోయినసారి నూనె పెట్టా. ఇప్పుడు హాయిగా ఉందా?"

పోయినసారి అంటే చిన్నది నేర్చుకోవడం మొదలుపెట్టిన వారమే.

బ్రేకమ్మ పక్క సీట్లో కూర్చుని పెడలు తొక్కి చూసింది. చప్పుడు లేదు. ఈమధ్య సాయంత్రాలు పిక్క పట్టేసినట్టు ఉండేది, చెప్పులు మార్చాలి అనుకుంది. బజారులో, వంతెన దిగుతూ, ఆస్పత్రి మలుపులో బండి ఎంత మెత్తగా తగ్గేదో గుర్తుకొచ్చింది. పరాయివాళ్ళు నడిపితే ఆమె కాలు పని పడేదాకా కదలదు. చిన్నది నడిపితే ముందే కదిలింది. ఆమెకే తెలియకుండా కదిలింది. ఇన్నాళ్ళూ ఒక బండిని ఇద్దరు నడిపారు.

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది. "తప్పు నాది. నీది కాదు. కానీ నిన్ను ఇప్పుడు పరీక్షకు పంపను."

"పరీక్ష పెట్టేది ఖాళీ గ్రౌండులోనే కదా వదినా. అక్కడ నెమ్మదిగా తిప్పితే చాలు. పాసైపోతాను."

"పాసవుతావు. అదే నా భయం."

"ముందు పాస్ కానీ. తర్వాత నేర్పు" అంది అత్తగారు. "ఊళ్ళో వాళ్ళందరూ నేర్చుకునే తిరుగుతున్నారా? ఉద్యోగం నీ కోసం ఆగుతుందా?"

"ఆగదత్తయ్యా."

"తెలిసే అంటున్నావా?"

బ్రేకమ్మ తలూపింది. భర్త సూదిలో దారం ఎక్కించబోయి మానేశాడు. చిన్నది లేచి నిలబడింది.

"పరాయిదాన్నైతే పంపేదానివి."

"పరాయిదానివైతే నా కాలు నేల మీదే ఉండేది. నీకు ఈపాటికి బండి వచ్చేసేది."

ఆ మాటకు చిన్నది ఏడవలేదు. లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. స్కూలు తరఫున శిక్షణ పూర్తయిందని సంతకం పెట్టాల్సింది బ్రేకమ్మే. పెట్టలేదు. బడి తెరిచారు. ఆ వ్యాను ఇంకొకరికి ఇచ్చారు. పొద్దున్నే అది తమ వీధిలోంచే పోయేది. హారను వినిపించినప్పుడల్లా అత్తగారు గిన్నెలు కొంచెం గట్టిగా పెట్టేది.

చిన్నది మళ్ళీ బండెక్కదని అందరూ అనుకున్నారు. కొన్నాళ్ళకు తనే వచ్చి స్కూలు గది ముందు నిలబడింది. బ్రేకమ్మ తాళాలు ఇచ్చింది. పక్క సీట్లో కూర్చుని, చెప్పులు విడిచి, రెండు కాళ్ళూ సీటు మీదికి మడుచుకుంది.

"కాలు కిందికి దించితే బండాపి నన్ను దింపెయ్" అంది.

ఊరు బయట ఖాళీ రోడ్ల మీద మొదలుపెట్టారు. చిన్నదానికి అప్పుడే నిజంగా భయం పట్టుకుంది. సైకిళ్ళు దాటిపోయేవి. వెనకవాళ్ళు తిట్టేవాళ్ళు. "పిల్లని చంకనెత్తుకుని నడుస్తున్నారా?" అని ఒక లారీ అతను కిటికీలోంచి అరిచాడు. ఆగాల్సిన చోట చాలా ముందే ఆగేది, లేదా తలకాయలు ముందుకు ఊగేలా ఆగేది. బ్రేకమ్మ తిమ్మిరెక్కిన కాళ్ళను చేతులతో పట్టుకుని కూర్చునేది. ఒక్కోసారి కాలు దానంతటదే జారేది. చిన్నది వెంటనే బండి పక్కకు తీసి ఆపేది. బ్రేకమ్మ దిగేది, తలుపు మూసేది, మళ్ళీ తెరిచి ఎక్కేది. ఇద్దరిలో ఎవరూ నవ్వేవారు కాదు.

ఒకరోజు బజారులో ఒక ముసలాయన చూసుకోకుండా రోడ్డు దిగాడు. చిన్నది బండి ఆపింది. ఆయన దాటేదాకా ఆగింది. కుదుపు లేదు. తర్వాత చాలా దూరం పోయాక అంది:

"వదినా, నువ్వలా కూర్చుంటే తపస్సు చేస్తున్నట్టుంది."

"ఏమనుకుంటున్నావ్ మరి. రోజూ నిన్నే తలుచుకుంటున్నాను."

ఎన్నో రోజుల తర్వాత చిన్నది నవ్వింది.

పరీక్ష పాసైంది. కార్డు వచ్చింది. ఫోటోలో ఎవరినో కొట్టబోతున్నట్టు ఉంది. బడి వ్యాను మాత్రం పోయిందే. చిన్నదానికి ఆస్పత్రి దుప్పట్లు ఉతుకుడుకు తీసుకెళ్ళే వ్యాను దొరికింది. జీతం తక్కువ, పొద్దున్నే లేవాలి. కూతురి ఉద్యోగం కోడలు చెడగొట్టిందని అత్తగారు ఇంకా చుట్టాలందరికీ చెబుతుంది. బ్రేకమ్మ కాదనదు.

ఒక సెలవురోజు యజమానిని అడిగి స్కూలు బండి తెచ్చారు, అత్తగారిని కంటి డాక్టరుకు చూపించడానికి. సాయంత్రం తిరిగి వస్తున్నారు. కంట్లో చుక్కల మందు వేయడంతో అత్తగారు వెనక సీట్లో పడుకుంది. చిన్నది నడుపుతోంది, పక్క సీట్లో బ్రేకమ్మ. అత్తగారు డాక్టరు గురించి, ఆయన చేతుల చల్లదనం గురించి ఏదో చెబుతూ పోయింది. కోడలు ఊ కొట్టకపోయేసరికి, "దీనికి పలకడానికి కూడా లైసెన్సు కావాలా?" అంది.

"మాట్లాడకమ్మా" అంది చిన్నది చిన్న గొంతుతో. "నిద్రపోయింది."

బండి నేర్పడం మొదలుపెట్టినప్పటినుంచి బ్రేకమ్మ బస్సులో కూడా కునుకు తీసి ఎరగదు. ఇప్పుడు తల కిటికీకి ఆనించి, నోరు కాస్త తెరుచుకుని, కాళ్ళు చాపుకుని పడుకుంది. అత్తగారు లేచి కూర్చుని, మసక కళ్ళతో కోడలి వైపు చూసింది. చప్పుడు కాకుండా మళ్ళీ పడుకుంది.

బజారు దాటింది. వంతెన దాటింది. ఇంటి ముందు చిన్నది ఇంజను ఆపింది. ఆ నిశ్శబ్దానికి బ్రేకమ్మ కళ్ళు తెరిచింది.

"వచ్చేశామా?"

"ఎప్పుడో" అంది చిన్నది.