మూడు గూళ్ల పేరుచీటీ

పెద్దబాపు పోయాడు. పోయిన నెల, రియాద్ శివారులో ఒక ప్రహరీగోడకు రంగు వేస్తూ, మధ్యాహ్నం కాసేపు నీడకని కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు. కాగితాలన్నీ అయ్యేసరికి ఇన్నాళ్లు పట్టింది. మొన్న శవపేటిక విమానమెక్కింది.

ఆయనతో పాటు వెళ్లాల్సిన పెట్టె ఇంకొకటి ఉండేది. మంచం కింద పుస్తకాల పెట్టె. దాన్ని చెత్తబండిలో వేయించింది మా లేబర్ క్యాంపు బాస్. ఈ మాట నేను దాచను. ఎవరికి కోపం వచ్చినా సరే.

పెద్దబాపు నాకు చుట్టం కాదు. జగిత్యాల దిక్కువాడు. మా గదిలో ఎనిమిది మందికీ పెద్దబాపే. మెయింటెనెన్స్ కంపెనీలో పెయింటరు. రంగుల నమూనాలు చూపే షేడ్ కార్డులు పాతబడితే తెచ్చి, తెల్లగా ఉన్న వెనకవైపు అరచేయంత ముక్కలు కోసి, సన్నబ్రష్షుతో బొమ్మలు వేసేవాడు. మైదా ఉడికించి, ఆ ముక్కను పుస్తకం అట్ట లోపల అతికించేవాడు. పేరుచీటీ అనేవాడు దాన్ని. ఆయన సొంత చీటీ మీద ఒక పాము తన తోకను తానే నోట పట్టుకుని గుండ్రంగా ఉండేది. మధ్యలో మూడు గోడగూళ్లు, ఒక దాంట్లో దీపం. కింద, 'ఇది మా ఇంటి పుస్తకం. చదివి పంపు.'

ఊళ్లో ఆయన కట్టుకున్న ఒంటిగది ఇంటికి నిజంగానే మూడు గూళ్లు ఉన్నాయి. పుస్తకాల కోసమే పెట్టించాడు. "గూళ్లు నిండినంక ఎగ్జిట్ కొట్టి ఇంటికి పోత" అనేవాడు. మేం నవ్వేవాళ్లం.

ఇళ్లలో అద్దాల బీరువాల నిండా పుస్తకాలున్న మన ఇంజనీర్లు, డాక్టర్లు కూడా ఆయనతో చీటీలు వేయించుకున్నారు. ఎవరడిగినా ఆయన ముందు ఒకటే ప్రశ్న వేసేవాడు. ఒక ఇంజనీరు గారింటికి నన్నూ తీసుకెళ్లాడు.

"సారూ, మీ ఇంట్ల అడుగువెట్టంగనే ముందుగాల ఏం కనవడ్తది?"

"టీవీయేనండీ" అన్నాడాయన నవ్వుతూ.

ఆ ఇంటి పుస్తకాలకు అద్దంలో మూసిన కన్ను వేసిచ్చాడు పెద్దబాపు. ఆ సారు మెచ్చుకుని భార్యను పిలిచి మరీ చూపించాడు. బయటికొచ్చాక ఈయన నా భుజం తట్టి, "ఆ కన్ను ఎప్పుడు తెరుస్తడో సూడాలె" అన్నాడు.

నాకు ఆ బొమ్మలంటే మంట. ఊరి నుంచి సామాన్ల చుట్టలో వచ్చే పలుచటి కరపత్రాలు చదివి చదివి, లోకంలో ఉన్న మూఢత్వమంతా నేనే ఊడ్చేయాలన్న పట్టు మీద ఉన్నాను. ఒకరోజు ఆయనిచ్చిన పుస్తకం ముందేసుకుని నిలదీశాను.

"పాము తోక మింగితే లోకం మారుతదా పెద్దబాపూ? గిదంతా మంత్రాల లెక్క."

"లోకం సంగతి నాకెర్కలేదు రా పోరడా. ఎంత దూరం పోయినోడైనా సుట్టు తిరిగి ఇంటికే రావాలె. గంతే, గీ పాము."

"ఇరవయ్యేండ్లాయె. నువ్వొచ్చినవా మరి?"

ఆయన బ్రష్షు కడగడానికి లేచి వెళ్లాడు. గెలిచాననుకున్నాను. ఆ పుస్తకంలోని చీటీని పీకి, పనివేళల కాగితం అంటించే బోర్డు మీద పెట్టాను. పక్కన హిందీలో 'జాదూ టోనా', అంటే చేతబడి, అని రాశాను. అందరూ చదివి నవ్వాలని, సిగ్గుపడాలని.

అందరికన్నా ముందు చదివింది క్యాంపు బాస్. చేతబడిని నేరంగా చూసే ఈ దేశంలో జాదూ అన్న మాట ఎంతదూరం పోతుందో అతనికి తెలుసు. నాకు తెలియదా? తెలుసు. కోపంలో గుర్తు రాలేదు. అతను మా గదిలోకొచ్చి ఆ చీటీ ఎత్తి చూపాడు.

"యే కిస్కా హై?"

"మేరా హై సాబ్. జాదూ నై, నామ్ హై" అన్నాడు పెద్దబాపు.

పెట్టె తెరిపించాడు. ప్రతి పుస్తకంలో అదే పాము. అరగంటలో పెట్టె చెత్తబండిలో ఉంది. ధైర్యం గురించి పేజీలకు పేజీలు చదివినవాణ్ణి, బోర్డు మీద పెట్టింది నేనేనని అనలేకపోయాను. గోడకు ఆనుకుని నిలబడ్డాను.

కాబట్టి ఆ నేరంలో బాస్ చేయి రెండోది. మొదటిది నాది.

పెద్దబాపు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "బయట ఇచ్చినయి ఉన్నయి కద" అన్నాడంతే. అల్ ఖర్జ్ డెయిరీలో పనిచేసేవాళ్ల దగ్గర కొన్ని, హాయిల్ తోటల్లో ఉన్నవాళ్ల దగ్గర కొన్ని, రియాద్‌లో మనవాళ్లు కలిసే బతా బజారులో కొన్ని. ఆ తర్వాత మళ్లీ బ్రష్షు పట్టి బొమ్మ వేయలేదు. శుక్రవారం శుక్రవారం బతాకు పోయి మన మెస్సు మెట్ల మీద కూర్చునేవాడు, ఎవరైనా పుస్తకం తిరిగి తెస్తారేమోనని. ఎవరూ తేలేదు. పెట్టె పోయిందని వాళ్లకేం తెలుసు?

"పోయి అడుగుదాం పా" అన్నాను.

"అడుగుతే సగం సదివి ఇస్తరు రా. సదవనీ."

ఆయన పోయిన కబురు ఊరికి చెప్పింది నేనే. ఆయన భార్య, మా పెద్దమ్మ, చాలాసేపు ఏడ్చి, చివరికి అడిగింది. "పెట్టె గుడ వస్తది కద బిడ్డా? గూళ్లకు సున్నమేసి పెట్టిన." ఫోన్ పెట్టేశాను.

పెట్టె ఇక రాదు. నేను ఏం చదివినా, ఎంత అరిచినా రాదు. మూడు గూళ్లు నిండవు. ఒక్కటి నిండుతుందేమో, అదీ మీ చేతుల్లో ఉంది.

మీ దగ్గర పాము బొమ్మ ఉన్న పుస్తకం ఉంటే తీసుకురండి. సగం చదివినా సరే, తెండి. చదవనీ అనే మనిషి ఇప్పుడు లేడు. మా గదిలో ఒకతను శనివారం సెలవు మీద ఊరికి పోతున్నాడు, తన సంచిలో చోటు ఉంచాడు. సభ కాదు, నినాదాలు లేవు. భోజనానికి వచ్చినట్టే రండి. ఈ శుక్రవారం, సాయంత్రపు అసర్ నమాజు అయి దుకాణాల షట్టర్లు లేచాక, నాలుగున్నరకు, బతాలో మన మెస్సు మెట్ల దగ్గర.

నేను ముందే వచ్చి కూర్చుంటాను. నా చేతిలోనూ ఆయన పుస్తకం ఒకటుంటుంది. అట్ట తెరిస్తే పాము ఉండదు. పీకినచోట గరుకుగా మిగిలిన కాగితం, దాని అడుగు నుంచి షేడ్ కార్డు నీలం కొంచెం.