నాన్న గొంతుకి దించిన తీగలు

ఇప్పుడు నన్ను బ్లూస్ గిటారు వాయించే పిల్ల అంటున్నారు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, గల్ఫ్‌లో, ఇంటర్నేషనల్ సిటీలో మా హాల్లో, తెర కట్టి వేరేవాళ్లకి అద్దెకిచ్చింది పోగా మిగిలిన సగంలో అంటాను. నవ్వుతారు. నవ్వనీ.

నాన్న రాస్ అల్ ఖైమాలో రాతి క్వారీలో పనిచేసేవాడు. వారమంతా అక్కడి పనివాళ్ల క్యాంపులోనే ఉండి, గురువారం సాయంత్రం ఒంటినిండా దుమ్ముతో ఇంటికొచ్చేవాడు. శుక్రవారం సెలవు, మా ఇంట్లోనే ప్రార్థన కూటం. గిటారు పట్టుకుని ఆయన ఒక్కో పాదం పాడితే, గదిలో అందరూ దాన్ని తిరిగి అందుకునేవారు. ఆయనది బాగా లోతు గొంతు. అందుకని తీగలన్నీ వదులు చేసి, శ్రుతిని తన గొంతుకి దించుకునేవాడు.

"ఆడాళ్లం ఎలా పాడాలండీ, గోతిలోకి దిగాలా?" అని అమ్మ ప్రతి వారం సాధించేది. ఆస్పత్రిలో నర్సు, ఎవరికీ జంకే మనిషి కాదు. అయినా ఆయన శ్రుతిలోనే పాడేది.

ఫోనులో బ్లూస్, అదే అమెరికా నల్లవాళ్ల దుఃఖపు పాటలు, విని నాకు పిచ్చి పట్టింది. మీటిన తీగని వేలితో పక్కకి లాగితే స్వరం ఏడ్చినట్టు సాగుతుంది. నాన్న వదులు చేసిన తీగలు నా వేళ్లకి ఇట్టే లొంగేవి. "ఖలాస్, తెంపేస్తావే! ప్రార్థన పాటకి ఆ మూలుగులేంటే అమ్మలూ?" అనేవాడు. అని, మళ్లీ వాయించమనేవాడు.

2020లో కరోనా వచ్చి రాకపోకలు ఆగిపోయాయి. నాన్న క్యాంపులోనే చిక్కుకుపోయాడు. అక్కడే జబ్బుపడి, అక్కడే పోయాడు. మమ్మల్ని రానివ్వలేదు. అక్కడే మట్టి చేశారు. అమ్మ డ్యూటీ మానలేదు, ఏడవలేదు, పాడనూ లేదు. ఆమెని చూస్తే నాకు ఒళ్లు మండేది.

మళ్లీ కూటాలు మొదలైన రోజు, నాన్న స్నేహితుడు, నేను బాబాయి అని పిలిచే ఆయన, గిటారు ఒళ్లో పెట్టుకున్నాడు. "శ్రుతి బాగా దిగిపోయింది పాపం, ఎవరూ ముట్టుకోలేదేమో" అంటూ ఫోనులో శ్రుతి చూపించే యాప్ ముందు పెట్టుకుని తీగలన్నీ బిగించేశాడు. మంచికే చేశాడు. నేను వంటింట్లో కప్పులు కడుగుతున్నాను. వచ్చి ఒక్క తీగ మీటానో లేదో, నా ప్రాణం ఉసూరుమంది. నాన్న పాట మేమెవరమూ రికార్డు చేసి పెట్టుకోలేదు. వచ్చే శుక్రవారం మళ్లీ పాడతాడుగా, ఎందుకు చేస్తాం? ఆయన గొంతు ఎక్కడుండేదో చెప్పడానికి మాకు మిగిలినవి ఆ తీగలే.

"మిమ్మల్నెవరు ముట్టుకోమన్నారు!" అని అందరి ముందూ అరిచేశాను. ఆయన బిత్తరపోయాడు.

అమ్మ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది. యూనిఫాం కూడా మార్చుకోకుండా, నేను వెక్కుతూ చెప్పిందంతా విని, నా పక్కన కింద కూలబడింది.

"ఊరుకోవే. ఇన్నేళ్లూ ఆ గోతిలోకి దిగి పాడింది నేనేగా, నాకు తెలీదా? నేను పాడతా, నువ్వు దించు."

నాన్న పాడే పాదాన్ని అమ్మ ఆయనలాగే ఎత్తుకుంది. నేను తీగ వదులు చేస్తూ పోయాను. ఇంకా కిందికి అని చేత్తో చూపించింది. ఇంకా. చివరికి తీగా ఆమె గొంతూ కలిశాయి. అక్కడ ఆమె గొంతు నిలవలేదు. నాన్న పోయాక మొదటిసారి భోరుమంది. ఆ పాదాన్ని తిరిగి అందుకోవాల్సిన వాళ్లంతా తలలు వంచుకుని కూర్చున్నారు. ఇక నేనే తీగ పక్కకి లాగి అందుకున్నాను.

ఆ మూలుగులేంటే అమ్మలూ అని అడగడానికి నాన్న లేడు.