నాంపల్లికి ఒక ఆదివారం: మా జట్టు ఎందుకు ఓడిపోతోంది

శనివారం సాయంత్రం అయిదు దాటాక విశాఖలో బండి కదిలింది. స్లీపర్ క్లాసు, సైడ్ లోయర్ బెర్త్, నాంపల్లి దాకా. ఆదివారం పొద్దున అక్కడ దిగాలనుకునేవారు టికెట్ ముందుగానే చూసుకోవడం మంచిది. నాకు తత్కాల్‌లో, అదృష్టం కొద్దీ దొరికింది.

నేనొక ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టుకు మేనేజర్ని. ఈ సీజన్‌లో వరసగా ఓడిపోతున్నాం. కారణమేమిటని ఆ మధ్య ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్లు అడిగితే, మా కెప్టెన్ విఠల్‌కు మోకాలు అరిగిపోయిందనీ, అతని మనసు కూడా ఆట మీద లేదనీ చెప్పాను. ఆ వీడియో వచ్చిన వారంలోనే విఠల్ సంచి సర్దుకుని హైదరాబాదులోని ఇంటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కూడా ఓడిపోతూనే ఉన్నాం. నేను చెప్పింది నిజం కాదని అతని ముఖం చూసి ఒప్పుకోవాలి, వీలైతే వెనక్కి పిలుచుకురావాలి. ఈ ప్రయాణం అందుకే.

సామర్లకోటలో భోజనం పొట్లం కొన్నాను. అన్నం బాగా చల్లారిపోయింది. ఎదురు బెర్తులో ఉన్న తునివైపు పెద్దావిడ అది చూసి, తన డబ్బాలోంచి రెండు గరిటెల పులిహోర నా ఆకులో వేసింది. ఏ పని మీద వెళ్తున్నావని అడిగింది. ఒకతనికి క్షమాపణ చెప్పుకోవాలన్నాను. అతను ఫోనెత్తడం లేదనీ చెప్పాను.

"ఎత్తుంటే ఫోన్లోనే చెప్పేసేవోడివా బాబూ?" అంది.

పులిహోర బాగుందని చెప్పి ఊరుకున్నాను.

పొద్దున ఆరున్నర దాటాక నాంపల్లి. పట్టాలు ఇక్కడితో ఆఖరు కాబట్టి మెట్లెక్కి దిగే పని లేదు, ప్లాట్‌ఫాం మీద నేరుగా నడిస్తే రోడ్డు. ఎదురుగా ఉన్న లాడ్జిలో సాయంత్రం వరకూ గది ఇచ్చారు. వేడినీళ్లు బకెట్‌తో తెచ్చిస్తారు, కానీ అడగాలి. స్నానం చేసి పక్కనున్న ఇరానీ హోటల్లో చాయ్, రెండు బిస్కెట్లు తీసుకున్నాను. నా సంచి మీద జట్టు బొమ్మ ఉంది. గల్లా దగ్గరి పెద్దమనిషి అది చూశాడు.

"మా విఠల్ గీ టీముకే ఆడుతుండె. మనసు పెట్టి ఆడ్తలేడట, వాళ్ల మేనేజరే చెప్పిండు. చిన్నప్పటి సంది చూస్తున్న, నాకైతే నమ్మబుద్ధైతలేదు. మీరు గాడికెళ్లే వచ్చిన్రు గదా, నిజమేనా?"

నిజం కాదన్నాను. ఆ మేనేజర్ని నేనేనని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. మిగిలిన చాయ్ గబగబా తాగి బయటపడ్డాను.

నాంపల్లి నుంచి ఆబిడ్స్‌కు ఆటో అక్కర్లేదు, నడిచి వెళ్లేంత దూరమే. ఆదివారం కనుక షట్టర్లన్నీ దించి ఉన్నాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలవాళ్లు ప్లాస్టిక్ పట్టాలు పరిచి, కట్టలు విప్పి, దుమ్ము దులుపుతున్నారు. పుస్తకాల మీద ఆసక్తి ఉన్నవారు ఎండ ముదరకముందే రావాలి. నేను ఆగకుండా గన్‌ఫౌండ్రీ వైపు నడిచాను. విఠల్ భార్య మాధవి నాకు ముందురోజే మెసేజ్ పెట్టింది: ఆదివారం పొద్దున విఠల్ గన్‌ఫౌండ్రీలో వాళ్ల పాత బడి గ్రౌండ్‌లో ఆడతాడు, రాదలచుకుంటే అక్కడికే రండి అని.

గల్లీలోకి తిరగకముందే గ్రౌండ్ వినిపించింది. బంతి చప్పుడు కాదు, మనుషుల గొంతులు. గేటు లోపల సిమెంటు మెట్ల మీద మాధవి కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు, సంచి పక్కకు జరిపి చోటిచ్చింది.

"మోకాలు బాగనే ఉంది సార్. చూడుండ్రి."

చూశాను. ఆడుతున్న పదిమందీ ఆ చుట్టుపక్కల మనుషులే. ఒకాయన బ్యాంకు గుమస్తా, ఇంకొకాయనకు మందుల దుకాణం. సగంమందికి పొట్టలున్నాయి. కానీ ఒక్కరి నోరూ ఊరుకోవడం లేదు. ఈ ఆటలో ప్రత్యర్థిని అడ్డుకుంటూ వెనక్కి జరుగుతున్నప్పుడు, వాళ్ల జట్టులోనే మరొకడు మన వెనక గోడలా వచ్చి నిలబడతాడు. వాడు మనకు కనిపించడు. మనవాడెవరైనా చూసి అరవాలి. వీళ్లు అరుస్తున్నారు. "ఎడమకు, ఎడమకు." "జర ఆగు." ఒకాయన్ని దాటి ప్రత్యర్థి తప్పించుకునేలోపే విఠల్ పక్కకు జరిగి, "పో, నేనున్న" అన్నాడు. ఆయన వెనక్కి చూడకుండా ముందుకు పరిగెత్తాడు.

కిందటేడాది మా జట్టు కూడా ఇలాగే ఆడింది. లూధియానా కుర్రాడు, కొల్లం కుర్రాడు, అందరూ విఠల్ దగ్గర ఈ పిలుపులే నేర్చుకున్నారు. తెలుగులో అన్నం అడగడం రానివాళ్లకు కూడా "నేనున్న" అనడం వచ్చేది. ఈ ఏడాది మ్యాచ్‌లు టీవీలో రావడం మొదలైంది. కోర్టు పక్కన మైకులు పెట్టారు. అందులో ఈ గల్లీ కేకలు వినపడితే ప్రొఫెషనల్‌గా ఉండదని నాకనిపించింది. ఇకమీద ఇంగ్లీషు కోడ్ మాటలే వాడాలని నియమం పెట్టాను. రెడ్ అంటే ఒకటి, బ్లూ అంటే ఇంకొకటి. కుర్రాళ్లు ఏ రంగో ఆలోచించుకునేలోపు ఎదుటివాడు దాటిపోయేవాడు. తప్పు చెబితే తిడతానని కొన్నాళ్లకు అసలు మాట్లాడటమే మానేశారు. ఒక మ్యాచ్‌లో విఠల్ పాత పద్ధతిలో అరిచినందుకు, కోచ్‌కు చెప్పి బెంచీ మీద కూర్చోబెట్టించాను. "సార్, పోరగాళ్లు మూగైపోయిన్రు" అని ఆ రోజే చెప్పాడు. సాకు అనుకున్నాను.

అతను వెళ్లాక రెండు సీజన్ల వీడియోలు పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఈ ఏటి వీడియోల్లో మా వాళ్ల బూట్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఆట ముగిశాక విఠల్ తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చాడు. నమస్తే పెట్టాడు, ఎప్పుడు దిగిన్రు, టిఫిన్ చేసిన్రా అని అడిగాడు. నువ్వు చెప్పిందే నిజం, నేను చెప్పింది అబద్ధం, అన్నాను. నియమం తీసేస్తున్నానని చెప్పి, తిరిగి రమ్మని అడిగాను.

అతను ముందు లూధియానా కుర్రాడు సరిగా తింటున్నాడా అని అడిగాడు. కొల్లం కుర్రాడి చీలమండ వాపు తగ్గిందా అని అడిగాడు. తగ్గిందని చెప్పాను.

"గీ సీజన్‌కు రాను సార్. కోపంతోని గాదు. ఇప్పుడొస్తే, విఠల్ వచ్చిండు గెలిచిన్రు అంటరు. వాళ్లు కూడా గదే నమ్ముతరు. ఒకని దిక్కు ఒకడు చూస్కొని అరుసుడు వాళ్లకే రావాలె. మీరు జర నోర్లు తెరవనీయుండ్రి, చాలు."

బతిమాలదామనుకున్నాను. మాధవి అడ్డొచ్చింది.

"మా ముంగట చెప్పినందుకు మంచిదే సార్. కానీ మీరు వీడియోల చెప్పింది గల్లీ గల్లీ విన్నది. బడిల నా తోటి టీచర్లు కూడా అడిగిన్రు, మీ ఆయనకు ఏమైందని. గిది కూడా గంతమందికి తెల్వాలె గదా."

సరే, ఇదంతా అందరికీ తెలిసేలా రాస్తానన్నాను. ఆ తర్వాతే వాళ్లింటికి తీసుకెళ్లారు. జొన్నరొట్టె, ఉల్లికారం, మజ్జిగ. విఠల్ నాకు రెండో రొట్టె విరిచి వేస్తూ, ఏ ఆటగాడు ఎవరి పక్కన నిలబడితే ఎక్కువ మాట్లాడతాడో ఒక్కొక్కరి గురించీ చెప్పాడు. నాలుగు గంటలకు తన బైక్ మీద లాడ్జి దగ్గర దింపాడు. సంచి నా చేతికిచ్చి, ఇంటికి చేరినాక ఫోన్ చేయమన్నాడు.

అయిదింటి బండి. భువనగిరి వచ్చేసరికి కోచ్‌కు ఫోన్ చేసి, నియమం తీసేశానని, అది తప్పుడు నియమమని కుర్రాళ్లకు నా పేరుతోనే చెప్పమన్నాను. రేపు నేనూ చెబుతాను. ఎదురు సీట్లో కాజీపేట కుర్రాళ్లిద్దరు నా మాటలు విన్నారు. వాళ్లకు మా జట్టు తెలుసు.

"గీ ఏడు ఏందన్నా గంత ఘోరంగ ఓడుతున్నరు? కెప్టెన్ ఆడ్తలేడంట గదా?"

"కాదు తమ్ముడూ. అతను బాగానే ఆడాడు. మేనేజర్ జట్టు నోరు మూయించాడు. ఆ మేనేజర్ని నేనే."

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత వాళ్లలో ఒకడు కిటికీ దగ్గరనుంచి జరిగి, గాలి వస్తుంది ఇటు కూర్చోండన్నా అన్నాడు. కూర్చున్నాను. ఒక్కణ్ణే తిరిగి వస్తున్నాను. బహుశా ఈ సీజన్‌లో ఇంకా కొన్ని మ్యాచ్‌లు ఓడిపోతాం. ఓడినప్పుడు కారణం అడిగితే ఇక ఎవరి మోకాలి పేరూ చెప్పను.