చూడకుండా వేసిన మార్కులు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఎవరైనా ఎవరికైనా కంప్యూటరు నేర్పేయవచ్చు. నాలుగు నెలల కిందట చేరినవాడు నిన్న చేరినవాడికి సారు. అలా సారైపోయినవాళ్లలో నేనొకణ్ణి. తణుకు పక్కనుంచి వచ్చి, మూడో అంతస్తులోని ఒక ఇన్‌స్టిట్యూట్‌లో వెబ్‌సైట్లు కట్టడం నేర్చుకుని, అక్కడే పాఠాలు చెప్పే పనిలో కుదురుకున్నాను. వయసు ఇరవైమూడు. మెడలో టై (కట్టుకోవడం రాదు, హాస్టల్లో రూమ్మేటు ఒకసారి కట్టిచ్చిన ముడిని ఆరు నెలలపాటు విప్పలేదు). ఏ సైటు బాగుందో, ఏది బాగోలేదో తెరవకుండానే చెప్పగలనని నా గట్టి నమ్మకం.

కోర్సు చివర ప్రతి విద్యార్థీ సొంతంగా ఒక సైటు కట్టాలి, నేను యాభైకి మార్కులు వేయాలి. అందరికంటే ఎక్కువ వచ్చినవారికి మా యజమానిగారి బావమరిది పంజాగుట్టలో పెట్టిన కంపెనీలో ఉద్యోగం. ఆ బ్యాచ్‌లో ఇరవైరెండు మంది. ఇరవైఒక్కమంది కుర్రకారు, ఒకావిడ టైపమ్మ. నలభై అయిదేళ్ల మనిషి. ఇరవై ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి, కంప్యూటర్లొచ్చి అది మూతపడితే మా దగ్గర చేరింది. వెనక వరసలో గోడవారగా కూర్చునేది. మూడు నెలల్లో నన్నొక్క ప్రశ్న అడగలేదు. నేను ఇతరుల సైట్లు పరీక్షిస్తుంటే కళ్లు మూసుకునేది. పాపం, కునుకు తీస్తోందనుకునేవాణ్ణి.

మార్కులు వేయడానికి నేను కూర్చున్నది ఆషాఢంలో ఒక ఆదివారం మధ్యాహ్నం. బల్కంపేటలో బోనాలు, ఇన్‌స్టిట్యూట్‌కి సెలవు, ల్యాబులో నేనొక్కణ్ణే. ఏసీ చల్లదనం పోకుండా కిటికీలకు నల్లకాగితం అంటించారు కాబట్టి బయట ఎంత ఎండ ఉన్నా లోపల చీకటే. దూరంగా డప్పులు. దగ్గరవుతున్నట్టే ఉంటాయి, మళ్లీ దూరమవుతాయి. పేర్లు చూసుకుంటూ మార్కులు వేసుకుంటూ పోయాను. టైపమ్మ పేరు ఎదురుగా పద్దెనిమిది అని రాసి, మాట రాకుండా ఉంటుందని ఆమె సైటు తెరిచాను.

నల్లటి తెర. మధ్యలో పసుపు రంగులో ఒకే ఒక్క వాక్యం, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు (అప్పట్లో తెరమీద తెలుగు లిపి రావడమంటే యజ్ఞం): 'రండి సారు, మీ పేరు రాయుండ్రి.' కింద ఒక గడి. అలవాటుగా ఏబీసీ అని కొట్టాను. 'గది మీ పేరు కాదు' అంది తెర. నవ్వొచ్చింది. గడి ఖాళీగా వదిలి నొక్కాను. 'ఖాళీగ ఇడుస్తరని తెలుసు.' ఈసారి నవ్వు రాలేదు. నాలుగు వేళ్లతో ఏవో అక్షరాలు బరబరా కొట్టాను. 'ఇగ టై పట్టుకొని గుంజుకుంటరు' అని వచ్చింది. చూసుకుంటే నా ఎడమచెయ్యి టై ముడిమీదే ఉంది.

చెయ్యి తీసేశాను. గదిలో కంప్యూటర్ల ఫ్యాన్లు తప్ప వేరే చప్పుడు లేదు. డప్పులు కూడా ఆగాయి. ఏమీ నొక్కకుండా ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. దానంతటదే ఇంకో వాక్యం వచ్చింది: 'ఎనుకకు తిరిగి సూడకుండ్రి, ఎవ్వరు లేరు.' చూశాను. వెనక వరసలో గోడవార కుర్చీ ఖాళీగా ఉంది. మళ్లీ తెరవైపు తిరిగేసరికి: 'మార్కులు సుత ముందుగాల్నే ఏసిండ్రు గద?'

నేను చేసిన మొదటి పని, మార్కుల కాగితం మానిటరుకి కనబడకుండా చొక్కాలో దాచుకోవడం.

అంతలో ఆ పసుపు అక్షరాలు కూడా మాయమై తెరమీద ఉత్త నలుపు మిగిలింది. ఆ నలుపులో నా భుజం వెనక ఒక ముఖం కనిపించింది. ముఖమంతా పసుపు, నుదుట రూపాయంత కుంకుమ, విరబోసిన జుట్టు. నేను పెట్టిన కేక కింద టిఫిను సెంటరు దాకా వినిపించిందట.

"నేనే సారు, నేనే! భయపడకుండ్రి," అంది టైపమ్మ. "బోనం ఎత్తుకొని గుడికాడికెల్లి సీదా వస్తున్న. ఇయ్యాల మార్కులేస్తరని చెప్పిండ్రు గద. పలారం తిందురు, తీసుకోండ్రి."

పొట్లం అందుకుంటూ అడిగాను: "ఇదంతా మీకెలా తెలుసండి? నేనేం కొడతానో, ఎప్పుడు టై పట్టుకుంటానో..."

"ఇరవై ఏండ్లు టైపు నేర్పిన సారు. ఎవరేం కొడుతున్నరో సూసుడు అక్కర్లే, చప్పుడు సాలు. మీరు అందరి సైట్లకు గదే కొడ్తరు. మొదలు మూడు అక్షరాలు, అటెన్క ఖాళీ, అటెన్క బరబర. టై గుంజితే కుర్చీ కిర్రుమంటది. నేను వరుసగ రాసి పెట్టిన, మీరేం కొట్టకుంటే దానంతటదే వచ్చేటట్టు సుత పెట్టిన, అంతే."

"మరి మార్కుల సంగతి?"

ఆమె నా చొక్కాలోంచి తొంగిచూస్తున్న కాగితం వైపు చూసింది. "సైటు సూసేటోళ్లకు మొదలు మౌసు చప్పుడొస్తది, అటెన్క పెన్ను చప్పుడు. మీకు పెన్నే ముందు మోగుతది సారు. మా అసొంటోళ్ల నౌకరి గా చప్పుడులనే పోతది."

ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పద్దెనిమిది కొట్టేశాను. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఆ సైటంతా మొదటినుంచి చూశాను. లోపల చాలా ఉంది: టైపు నేర్పే పాఠాలు, తప్పు కొడితే ఏ వేలు తప్పిందో చెప్పే పరీక్ష. అలాంటిది కట్టడం నాకే రాదు. ఒకచోట మాత్రం లింకు తెరుచుకోలేదు. పోనీలెండి, వదిలేద్దామన్నాను.

"వద్దు సారు. తప్పుకు మార్కులు తియ్యుండ్రి. వయసుకు తియ్యకుండ్రి."

నలభై నాలుగు వేశాను. తర్వాత మిగతా ఇరవైఒక్క సైట్లూ సాయంత్రం దాకా నిజంగా తెరిచి చూశాను. (నేను ముందు చూడకుండా నలభై అయిదు వేసిన కుర్రాడి సైటులో మొదటి పేజీ తప్ప రెండోది లేదు.) ఉద్యోగం టైపమ్మకే వచ్చింది. అది కూడా కట్టే పని కాదు, వేరేవాళ్లు కట్టినవి పరీక్షించే పని.

నెల తిరక్కుండా పంజాగుట్టనుంచి మా ఇన్‌స్టిట్యూట్‌కి ఒక కవరు వచ్చింది. మా సైటు, అంటే సాక్షాత్తూ నేను కట్టి నలుగురికీ చూపించుకున్న సైటు, యాభైకి పందొమ్మిది. మూడు పేజీల తప్పులు, ఒక్క అక్షరం చెదరకుండా టైపు చేసి, చివర చేత్తో ఒక వాక్యం: 'అంతా చూసిన తర్వాతే వేశాను.' రెండు రోజులు ఆవిడమీద కోపంగా తిరిగి, మూడో రోజు తలుపు వేసుకుని ఒక్కొక్కటే సరిదిద్దడం మొదలుపెట్టాను. ఒక్క తప్పు కూడా ఆవిడ అన్యాయంగా పట్టలేదు. ఇప్పుడు ఆ టై కుర్రాణ్ణి, అంటే అప్పటి నన్ను, తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దొస్తాడు కూడా. చదువు చెప్పిస్తున్నారని తెలియక, అవమానిస్తున్నారనుకుని రెండు రోజులు అన్నం మానేశాడు, వెర్రినాగన్న.