పై పోస్టు తలుపు

కింద పోస్టుకు నేను చేరింది జనవరి మొదట్లో, మధ్యాహ్నం వేళ. కాశ్మీరు కొండల్లో తొమ్మిది వేల అడుగుల ఎత్తు. రేకుల కప్పుతో మూడు బంకర్లు, ఒక వంటగది, చుట్టూ ఇసుక బస్తాల గోడ, వెనక దేవదారు చెట్లు. ఎండ కాస్తోంది గానీ ఒంటికి తగలడం లేదు. అక్కడి నుంచి గంటన్నర నిటారుగా ఎక్కితే గట్టు మీద పై పోస్టు. అందులో నలుగురు జవాన్లు. నా పని రేడియో. పై పోస్టు చెప్పింది బెటాలియన్‌కు, బెటాలియన్ చెప్పింది పై పోస్టుకు అందించాలి.

పోస్టు కమాండరు సుబేదారు. గఢ్వాల్ మనిషి, మంచులోనే పుట్టి పెరిగాడు. నా కాగితాలు చూసి ఊరడిగాడు. పల్నాడంటే ఆయనకేం తెలుసు? గుంటూరు దగ్గర అన్నాను. "మిర్చీవాలా!" అని నవ్వాడు. "ఇంకో మిర్చీ ఉన్నాడిక్కడ. వెళ్ళి కలువు" అని జనరేటర్ షెడ్డు వైపు చెయ్యి చూపించాడు.

అక్కడ ఇంజన్ కింద నుంచి రెండు కాళ్ళు బయటికి కనిపిస్తున్నాయి. జనరేటర్లు చూసే మెకానిక్. పోస్టులో అందరూ మిస్త్రీ అనేవాళ్ళు. నరసరావుపేట వాడు. వాళ్ళ నాన్నకు అక్కడ డీజిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉంది. నాది రొంపిచెర్ల అనగానే గ్రీజు చేతులతోనే లేచి వాటేసుకున్నాడు.

"ఏందన్నా, రొంపిచెర్లా! యాడున్నావయ్యా ఇన్నాళ్ళూ? ఈ హిందీ మాట్లాడీ మాట్లాడీ నా నాలిక మొద్దుబారిపోయింది."

"ముందు వదలరా, కొత్త కోటు."

"కోటుదేముందన్నా, గవర్నమెంటుది. మా నాయన షెడ్డుకి మీ ఇంజన్ ఎన్నిసార్లొచ్చిందో నాకు తెలుసు. మీ రొంపిచెర్లోళ్ళు ఆయిల్ మార్చరు గదా!"

నాకన్నా చిన్నవాడు. నోరు మాత్రం పెద్దది. ఆ నెలన్నర మేమిద్దరం ఒక పళ్ళెంలో తిన్నాం. వాడు లేకపోతే నాకు అక్కడ పిచ్చెక్కేది. సిగ్గు లేకుండా చెబుతున్నాను.

ఫిబ్రవరి మధ్యలో పై పోస్టు జనరేటర్ మొరాయించింది. మిస్త్రీ పనిముట్ల సంచి భుజాన వేసుకుని పొద్దున్నే ఎక్కాడు. "సాయంత్రానికి దిగుతా. నా రొట్టెలు దాచమను వంటోణ్ణి" అన్నాడు. మధ్యాహ్నం కల్లా ఇంజన్ బాగయిందని సెట్టులో చెప్పాడు. మూడింటికి వాన మొదలైంది.

ఆ నెలలో ఆ ఎత్తున మంచు పడాలి. వాన పడకూడదు. సుబేదారు బయటికొచ్చి చెయ్యి చాచి చూశాడు. లోపలికెళ్ళి మనుషుల్ని లెక్కపెట్టుకున్నాడు. మిస్త్రీని దిగొద్దని చెప్పమన్నాడు.

మన దగ్గర ఈ సంగతి ఎవరికి చెప్పినా "వడగళ్ళ వానా?" అంటారు. కాదయ్యా బాబూ! వడగళ్ళు ఒక గంట పడి మిరప తోట నాశనం చేసి పోతాయి. ఇది మామూలు నీళ్ళలాగే పడుతుంది. తగిలిన చోటే గడ్డకట్టేస్తుంది. రేకు మీద, తీగ మీద, తుపాకీ గొట్టం మీద, మనిషి కోటు మీద. ఒక పొర, దాని మీద ఇంకో పొర. చీకటి పడేసరికి టెలిఫోన్ తీగ నా మణికట్టంత లావయింది. ఇంకాసేపటికి తెగింది. సోలార్ పలకలు ఐసు కింద ఎక్కడున్నాయో కనపడలేదు. లోయలో ఊరి దీపాలన్నీ ఒక్కసారే పోయాయి. ఆ ఊరికి మళ్ళీ కరెంటు వచ్చింది వసంతంలో.

రాత్రంతా దేవదారు కొమ్మలు విరిగాయి. ఒక్కో కొమ్మ విరిగితే తుపాకీ పేలినట్టే ఉంటుంది. మొదట్లో ప్రతి చప్పుడుకీ ఆయుధాలు పట్టుకుని లేచాం. తరవాత లేవడం మానేశాం. నిజంగా కాల్పులు జరిగినా ఇక మాకు తెలియదన్నమాట. ఆ ఆలోచన వచ్చాక నాకు నిద్ర పట్టలేదు.

తెల్లారాక సుబేదారు రెండు ఆర్డర్లు వేశాడు. కిరోసిన్ పొయ్యి గొట్టం మూతి మీద ఐసును గంటకొకసారి కొట్టి రావాలి. పొయ్యి ఎంత చల్లబడినా సరే, పడుకునేటప్పుడు తలుపు ఒక బెత్తెడు తెరిచి ఉంచాలి. "చలి నిన్ను లేపి చంపుతుంది. పొగ నిద్రలోనే చంపుతుంది" అన్నాడు. నేను అదే మాట పై పోస్టుకు పంపాను. వాళ్ళూ పొయ్యి గొట్టం శుభ్రం చేస్తున్నామని జవాబిచ్చారు. చేశారు కూడా.

వాన ఆగలేదు. సన్నగా, తీరిగ్గా పడుతూనే ఉంది. బ్యాటరీ ఆదా కోసం రోజుకు మూడుసార్లే మాట. రెండో రోజు మధ్యాహ్నం మిస్త్రీ లైన్లోకొచ్చాడు.

"అన్నా, ఇక్కడ జనరేటర్ షెడ్డు కూలింది. ఐసు బరువుకి రేకులు కూర్చున్నయ్యి. ఇంజన్‌ని బయటికి లాగినాం. ఓవర్."

"దెబ్బలేమన్నా తగిలినయ్యా? ఓవర్."

"ఇంజన్‌కేం, రాయి. నా నడుమే పోయింది. పెళ్ళి కావాల్సినోణ్ణి!"

నవ్వాను. బెటాలియన్‌కు సంగతి చెప్పాను. ఏది ఏమైనా పై పోస్టు సెట్టు మూగబోకూడదని ఆర్డరొచ్చింది. ఆ గట్టు మీది నుంచే సరిహద్దు అవతలి దారి కనిపిస్తుంది. సెట్టు బతకాలంటే బ్యాటరీ, బ్యాటరీకి ఇంజన్. ఆర్డరు తప్పేమీ కాదు. మూడో రోజు జనరేటర్ నడుస్తోందని కబురొచ్చింది. సుబేదారు "షాబాష్ మిర్చీ" అన్నాడు.

నాలుగో రోజు పొద్దున పది గంటల కాల్. రోజూ పై పోస్టు హవల్దారు పలికేవాడు. ఆ రోజు చాలాసేపు ఎవరూ పలకలేదు. చివరికి మిస్త్రీ గొంతు వినిపించింది. మందంగా ఉంది. తెలుగులో మాట్లాడాడు.

"ఎవురూ?"

"నేనేరా. హవల్దారేడి?"

"పడుకున్నాడు. అందరూ పడుకున్నారన్నా. నాక్కూడా నిద్రొస్తాంది. తలకాయ పగిలిపోతాంది."

పొద్దున పదింటికి పోస్టులో అందరూ పడుకోవడమా! వాడి మాట వెనకాల ఇంజన్ చప్పుడు దడదడమని వినపడుతోంది. మరీ దగ్గరగా.

"ఒరేయ్, ఇంజన్ యాడుందిరా?"

"ఇక్కడే, నా పక్కన. బయటుంటే ఐసయిపోద్ది గదా. పొగ గొట్టం బయటికే పెట్టినా గదా. అతుకు కాడ గోనె పట్టా చుట్టి తీగ బిగించా. మన పొలాల్లో చేస్తాం చూడూ, అట్టా."

మన పొలాల్లో మోటారు షెడ్డుకు సరైన తలుపే ఉండదు. నాలుగు వైపులా గాలి ఆడుతుంది. అతుకు దగ్గర పొగ కారినా ఎవడికీ ఏమీ కాదు. వాడు పుట్టిన షెడ్డూ అంతే, పొద్దుగూకులూ షట్టర్ ఎత్తే ఉంటుంది. పై పోస్టు బంకరును మాత్రం ఐసు కంత లేకుండా మూసేసింది. వాళ్ళు పొయ్యి పొగకు భయపడ్డారు, పొయ్యి ఆర్పాక తలుపు వేసుకున్నారు, ఇంజన్ పొగను మాత్రం లెక్కచేయలేదు.

సుబేదారుకు రెండు ముక్కల్లో చెప్పాను. ఆయన మైకు లాక్కుని "ఇంజన్ బంద్ కరో!" అని అరిచాడు. జవాబు లేదు. మళ్ళీ అరిచాడు. మిస్త్రీకి హిందీ అప్పటికే వెళ్ళిపోయింది. సుబేదారు మైకు నా చేతిలో పెట్టి, "మీ భాషలో మాట్లాడు. వాణ్ణి నిద్రపోనివ్వకు" అన్నాడు.

"ఒరేయ్, ఇంజన్ ఆపు."

"ఆపితే బ్యాటరీ పోద్దన్నా. నీతో మాట్టాడేదెట్టా?"

"మాట్టాడకపోతే చావంలేరా! ఆపు ముందు. ఆ పొగకే మీకు నిద్రొస్తాంది. నీ పక్కన నలుగురు పోతారు. లెగు."

"లెగలేకపోతన్నా. కాళ్ళు రావట్లా."

"పాకరా. నీయమ్మ, పాకు! నీకు దండం పెడతా, పాకరా తమ్ముడూ."

మైకులో గరగరా ఈడ్చుకుంటున్న చప్పుడు. ఏదో ఇనుము కింద పడింది. ఇంజన్ ఇంకా కొట్టుకుంటోంది. నేను వాణ్ణి తిట్టాను, బతిమాలాను, వాళ్ళమ్మ పేరెత్తాను. ఉన్నట్టుండి దడదడ ఆగిపోయింది. బంకరులో నాతోపాటు ఉన్నవాళ్ళందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు.

"శభాష్ రా! ఇప్పుడు తలుపు తియ్యి."

"రావట్లేదన్నా. అతుక్కుపోయింది." తలుపును భుజంతో గుద్దిన చప్పుడు. తరవాత, "నువ్వొస్తావా?" అన్నాడు.

"వస్తన్నా. ఇదిగో బయల్దేరా."

ఆ తరవాత పలకలేదు.

అయిదుగురం తాళ్ళు నడుముకు కట్టుకుని, గునపాలు, ఐసు గొడ్డళ్ళు, ఆక్సిజన్ సిలిండరు తీసుకుని ఎక్కాం. సుబేదారు ముందు. గంటన్నర దారి. ఆ రోజు నాలుగు గంటలు పట్టింది. బూటు పెట్టిన చోట నిలవదు. మెట్టు చెక్కాలి, అడుగు పెట్టాలి, మళ్ళీ మెట్టు చెక్కాలి. కొండంతా గాజు. వాన కనురెప్పల మీద గడ్డకడుతోంది. దారి పొడుగునా నేను ఒకటే లెక్క వేసుకున్నాను. ఇంజన్ ఆగింది, కానీ పొగ ఎటు పోతుంది? ఆ లెక్క తేలలేదు.

పై పోస్టు తలుపు ఎక్కడుందో కనపడలేదు. కప్పు నుంచి నేల దాకా ఒకే ఐసు గోడ. పక్కనే తుపాకీ పెట్టే చిన్న కిటికీ, దానికి అద్దం. అద్దం మీద నాలుగు వేళ్ళ మందాన ఐసు. కానీ నీళ్ళలా తేటగా ఉంది. అవతల మిస్త్రీ మొహం కనపడింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. గొడ్డలి తిరగేసి ఆ కిటికీనే ముందు పగలగొట్టాం. గాలి లోపలికి పోయింది. తరవాత తలుపు. లోపలి నుంచి ఒక్కొక్కరినీ కాళ్ళు పట్టుకుని బయటికి ఈడ్చాం. ఇంజన్‌కు దూరంగా, దుప్పటి తెర కట్టిన మూల పడుకున్న నలుగురూ వాంతులు చేసుకుంటూ లేచారు. మిస్త్రీకి సిలిండరు పెట్టాం. పొద్దుపోయే వేళకు కళ్ళు నిలిపి నన్ను చూసి, "నా రొట్టెలు దాచారా?" అన్నాడు.

ఏడ్చాను. సుబేదారూ ఏడ్చాడు. పై పోస్టులో ఉన్న అయిదుగురూ బతికారు. బెటాలియన్‌కు ఆ మాట చెబుతుంటే నా గొంతు నాకే వినపడనంత సంతోషం.

ఆ సంతోషం మూడు వారాలు నిలిచింది. తరవాత ఒకరోజు మిస్త్రీ రెండు బూట్లూ కాళ్ళు మార్చి వేసుకున్నాడు. అందరం ఎగతాళి చేశాం. మర్నాడు స్పానరు చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేందన్నా?" అని అడిగాడు. అప్పుడెవరమూ నవ్వలేదు. ఆ వారంలోనే హెలికాప్టర్లో ఆసుపత్రికి పంపారు. ఆ విషపు గాలి ఒంట్లోంచి పోయినా, అది మెదడుకు చేసిన చెరుపు కొందరిలో ఇలా ఆలస్యంగా బయటపడుతుందని డాక్టరు చెప్పాడు. అందరికన్నా ఇంజన్‌కు దగ్గరగా ఉన్నది వాడే. కొన్నాళ్ళకు వాడికి డిశ్చార్జి ఇచ్చి ఇంటికి పంపేశారు.

నేను ఇంటికొచ్చింది ఇంకో రెండేళ్ళకు. వచ్చిన వారానికే నరసరావుపేట వెళ్ళాను. మే నెల, మిట్టమధ్యాహ్నం. షెడ్డును ఇప్పుడు వాళ్ళ తమ్ముడు నడుపుతున్నాడు. వాళ్ళమ్మ నా రెండు చేతులూ పట్టుకుని, "నీ గొంతు ఇనే ఆపాడంట గదా నాయనా ఇంజను. నా కొడుకుని నాకిచ్చావు. అల్లా నిన్ను చల్లగా చూడాలి" అంది. ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగాను.

మిస్త్రీ ఫ్యాను కింద స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అంత ఎండలోనూ చెవులు మూసే ఉన్ని టోపీ. నన్ను చూసి మర్యాదగా లేచాడు.

"ఏ ఊరు సార్ మీది?"

"రొంపిచెర్లరా. నేనేరా."

వాడి మొహం వెలిగిపోయింది. "రొంపిచెర్లా! మాకొక అన్నున్నాడు సార్, రొంపిచెర్లాయన. రేడియో ఆపరేటరు. తెలుసా మీకు?"

"తెలుసు," అన్నాను.

వాడు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "పాపం, ఆయనింకా పైనే ఉన్నాడు సార్. తలుపు ఐసుకి అతుక్కుపోయింది. నేను పిలుస్తానే ఉన్నా, పలకట్లా. ఎవురూ పోవట్లేదు. అందరికీ చెప్తన్నా, ఒక్కడూ కదలడు. మీరు పోతారా?"

"ఏమనుకోబాకన్నా," అన్నాడు తమ్ముడు, నా వైపు చూడకుండా. "ఎవరొచ్చినా ఇదే అడుగుతాడు."

"పోతాను," అన్నాను మిస్త్రీతో.

వాడు టోపీ తీసి, దులిపి, నా చేతిలో పెట్టాడు. "ఇది ఆయనకియ్యండి. చెవులు గడ్డకట్టిపోతయ్యి."

సరిహద్దులో ఏం చూశావు, కాల్పులు చూశావా అని మనవాళ్ళు అడుగుతూ ఉంటారు. కాల్పులూ చూశాను. కానీ కళ్ళు మూసుకుంటే కనపడేది నరసరావుపేట రోడ్డే. నన్ను సాగనంపడానికి వాడు వట్టి తలతో ఎండలోకి వచ్చి నిలబడ్డాడు. నా ఆటో రొంపిచెర్ల వైపు తిరిగింది. వాడు రెండు చేతులూ ఊపుకుంటూ, చెప్పుల్లేని కాళ్ళతో తారు రోడ్డు మీద వెంట పరిగెత్తాడు.

"అటు కాదు సార్! పైకి! పైకి పోవాలి!"