రేపల్లె గడిలో నా సంతకం

మా జువాలజీ సార్ పోయారని కిందటి నెల తెనాలి నుంచి మేడమ్‌గారు ఫోన్ చేశారు. మేడమ్‌గారంటే సార్ భార్య. "టిఫిన్ తిని పేపరు చూస్తూ కూర్చున్నారమ్మా. అంతే" అన్నారు. తర్వాత, "ఆయన రిజిస్టర్లు యూనివర్సిటీ వాళ్లు అడుగుతున్నారు. ఇచ్చేముందు నిన్నొకసారి చూడమనమని చెప్పేవారు" అన్నారు. నాకు దుఃఖం కంటే ముందు భయం వచ్చింది. ఆ సంగతి ఇప్పుడైనా చెప్పకపోతే ఆయన గురించి రాసే అర్హత ఉండదనిపిస్తోంది.

సార్ జీవితమంతా కప్పల మీద, పాముల మీద పరిశోధన చేశారు. అడవులకేమీ పోలేదు. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల వరిచేలు, మురుగుకాలవలే ఆయనకు అన్నీ. స్కూటరు మీద ఒక కొక్కెం, గుడ్డసంచి ఎప్పుడూ ఉండేవి. ఒకసారి అమృతలూరులో ఎవరింట్లోనో పాము దూరిందంటే నన్నూ తీసుకెళ్లారు. కర్ర ఎత్తిన పెద్దాయనతో, "ఆగండి బాబాయ్, జెర్రిపోతండి. విషం లేదు. మీ ఎలకల్ని పట్టి పెడుతుంది" అన్నారు. "అయితే మీ ఇంటికే తీసుకెళ్లండి సార్. మీకు మాత్రం ఎలకలుండవా ఏంటి" అన్నాడాయన. "మా ఆవిడ నన్నే కష్టం మీద ఉండనిస్తోందండి" అంటూ సార్ దాన్ని సంచిలోకి దించారు.

తొలకరి వాన పడిన సాయంత్రం ఆయనకో పద్ధతి ఉండేది. మూడు ఊళ్లలో మూడు గుంటల దగ్గర ముగ్గురు విద్యార్థులం నిలబడి అరగంటసేపు వినాలి. వాన పడితేనే గొంతు విప్పే బోదురుకప్ప అరిస్తే 'విన్నాను' అని, అరవకపోతే 'వినలేదు' అని మర్నాడు రిజిస్టరులో మన ఊరి గడిలో రాసి సంతకం పెట్టాలి. మొదటి ఏడు నేను ఖాళీగా వదిలేస్తే, "వినలేదన్నదీ కబురేనమ్మా. ఖాళీ గడి ఏం చెబుతుంది?" అన్నారు. ఒకరు రాసింది ఇంకొకరు కొట్టెయ్యకూడదు. తప్పయితే రాసినవాళ్లే, పాత మాట కనపడేలా, ఒక్క గీత గీసి దిద్దాలి. దూరంగా వినపడేది కప్పో, నారుమళ్లలో నీళ్లు తోడే ఇంజనో తేలక నేను దిక్కులు చూస్తుంటే, "ఓపిక పట్టు. కప్ప ఊపిరికి ఆగుతుంది, ఇంజను ఆగదు" అనేవారు.

ఎమ్మెస్సీ రెండో ఏడు రేపల్లె నా వంతు. ఆ సాయంత్రం తెనాలి బస్టాండులో రద్దీ, పైన వాన. తిరుగు బస్సు దొరకదేమోనని బెదిరి హాస్టలుకు వెనక్కి వెళ్లిపోయాను. మర్నాడు గడిలో 'విన్నాను' అని రాశాను. అన్ని ఏళ్లూ అదే ఉంది కదా అనుకున్నాను. ఆ మరుసటి ఏటి నుంచి రేపల్లెలో ఎవరూ ఆ మాట రాయలేదు. కప్ప ఆఖరిసారి అరిచిందనడానికి సాక్ష్యం నా సంతకమే.

బాపట్లలో లెక్చరర్‌నయ్యాక కూడా, సార్‌ని చూసినప్పుడల్లా నిజం నోటిదాకా వచ్చి ఆగిపోయేది. మిగతా రెండు ఊళ్ల సంగతి ఆయన అచ్చు వేశారు. రేపల్లెది వెయ్యలేదు. "ఇంకా తేలాలమ్మా" అనేవారు. ఒకసారి మామూలుగానే, "ఆ ఏడు రేపల్లెలో బాగా అరిచిందా?" అని అడిగారు. "అరిచింది సార్" అన్నాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని, "సరేనమ్మా" అన్నారు.

మేడమ్‌గారి ఫోను తర్వాత తెనాలి వెళ్లి, వాళ్లింట్లో ఆ ఏటి రిజిస్టరు తెరిచాను. నా గడి పక్కన పెన్సిలుతో సార్ చేతిరాత సన్నగా ఉంది: 'రేపల్లెలో ఆ రోజు వాన లేదు. అమ్మాయి చెప్పాలి.'

ఆయన ఎదురుచూశారా, క్షమించారా, నా వల్లే ఆ పని ఆగిందా, ఇక ఎవరిని అడగను? నా మాట మీద ఒక్క గీత గీసి, 'వెళ్లలేదు' అని రాసి, దిద్దిన రోజు తేదీ వేశాను. మేడమ్‌గారు కాఫీ తెచ్చి, "ఏంటమ్మా, ఇంతసేపూ ఆ ఒక్క పేజీయేనా?" అన్నారు. "అవునండి" అన్నాను.

నిన్న వాన పడింది. సాయంత్రం రేపల్లె వెళ్లాను. గుంట సగం పూడిపోయింది. గొడుగు మీద చినుకుల చప్పుడు అడ్డొస్తోందని గొడుగు మడిచి నిలబడ్డాను. చేల అవతల నుంచి లోతుగా, ముద్దగా ఏదో మోత మొదలైంది. అది ఎక్కడైనా ఆగుతుందేమోనని, నేను ఊపిరి బిగబట్టి వింటూ ఉండిపోయాను.